బళ్లారి గొంతు, ఇంటి మైకు

బళ్లారిలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో పిల్లలు పెద్దలను అడుగుచున్న వస్తువులలో ఈనాడు మైకు ఒకటి. దూరదేశముననున్న పెదతండ్రి కొడుకుతో కంప్యూటరుపై ఆటలాడుచు మాటలాడుకొనుటకు ఒకనికి కావలెను. క్రికెట్టు ఆటకు తెలుగులో వ్యాఖ్యానము చెప్పి నలుగురికి వినిపింపవలెనని మరియొకనికి ఉత్సాహము. ఏది కొనవలెనో, ఎంత పెట్టవలెనో తెలియక తండ్రులు అంగడిముందు తటపటాయించుచున్నారు.

చూచుటకు ఇది పిల్లల ముచ్చట. కాని ఈ ఊరి చరిత్ర ఎరిగినవారికి ఇది పాత ప్రశ్నయే. మనిషి గొంతు దూరముననున్న మనిషికి చెడకుండ చేరుట ఎట్లు? బళ్లారి నాటకరంగము తన బ్రతుకంతయు ఈ ప్రశ్నతోనే గడిపినది. కనుక మైకు కొనుటకు ముందు ఆ కథను ఒకసారి తలచుకొనుట మేలు. మైకు గొంతును పుట్టించదు, దూరమును తగ్గించును. ఈ ఒక్క సంగతి మనసున నిలిచిన యెడల మిగిలిన సందేహములు చాలవరకు వాటియంతట అవియే తీరిపోవును.

మైకు లేని రోజులు

ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) బళ్లారిలో సరస వినోదినీ సభను నెలకొల్పి తమ నాటకములను ఆడించినారు. వారి 'చిత్రనళీయము' 1887 నాటిది. అదే ఊరిలో కోలాచలం శ్రీనివాసరావుగారు (1854–1919) సుమనోరమ సభను నడిపి, చారిత్రక నాటకములను వ్రాసి, విజయనగర పతనమును రంగస్థలముపైకి తెచ్చినారు. ధర్మవరంవారి మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో జన్మించిన రాఘవాచార్యులుగారు బళ్లారి రాఘవగా దేశమంతట ప్రసిద్ధులైనారు. ముగ్గురును న్యాయవాదులే. పగలు కోర్టులో న్యాయాధిపతికి వినబడునట్లు, రాత్రి పందిరిలో కడపటి చాపమీది రైతుకు వినబడునట్లు మాటలాడుట వారికి నిత్యకృత్యము.

ఆ రాత్రుల సంగతి ఊహించుకొనుడు. దీపముల వెలుగులో ఆట. ఎదుట వందలాది జనము. పసిపిల్లల ఏడ్పులు, వీథిలో బండ్ల చప్పుడు. నటుని గొంతుకు సహాయముగా హార్మోనియము తప్ప మరేమియు లేదు. అందుచేతనే నాటకపు పద్యము హెచ్చు శ్రుతికి ఎక్కినది. సన్నని హెచ్చు స్వరము గుంపు సందడిని చీల్చుకొని పోవును. మంద్రస్వరము దానిలో మునిగిపోవును. రాగమును సాగదీయుట పాండిత్య ప్రదర్శనమని మాత్రమే అనుకొనరాదు. మాట చివరివరుసకు చేరుటకు వ్యవధి ఇచ్చిన ఉపాయము కూడ అదియే.

ఆ ఉపాయము ముదిరి అలవాటైనది. భావము వెనుకబడి రాగము ముందుకు వచ్చినది. రాఘవగారి ఘనత ఇక్కడనే కనబడును. రాగాలాపనకన్న భావమునకు, మాట యొక్క సహజమైన పలుకుబడికి వారు పెద్దపీట వేసినారు. కోలాచలంవారి నాటకములోని పఠాను రుస్తుం పాత్ర వారికి ఎనలేని కీర్తి తెచ్చినది. గొంతు చించుకొనకయే సభను నిలుపవచ్చునని చూపుట మైకు లేని కాలమున సామాన్యమైన సాహసము కాదు.

రంగస్థలమునకు ప్రక్కన మరియొక పాఠశాల ఉండినది. అది తోలుబొమ్మలాట. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట మొదలు బళ్లారి చుట్టుపట్ల గ్రామములవరకు ఈ విద్య తెలుగునను కన్నడమునను వ్యాపించినది. ఆటగాడు తెర వెనుక ఉండును. ప్రేక్షకులకు అతని ముఖము కనబడదు. రావణుడును, సీతయు, నవ్వించు కేతిగాడును బంగారక్కయు తెర వెనుకనుండి వచ్చు గొంతులే. జరుగుచున్నదానిని వర్ణించుట, నడుమ చమత్కారము విసరుట, వినువాని చెవిని పట్టుకొని కూర్చుండుట అతని పని. నేడు ఆటకు వ్యాఖ్యానము చెప్పబోవు పిల్లవాడు చేయదలచినదియు సరిగా ఇదియే. తెర మారినది, విద్య మారలేదు.

మైకు వచ్చిన తోవ

మైకు మనవద్దకు పడమటి దేశములనుండి వచ్చినది. 1878లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు బొగ్గు కడ్డీల సాయమున చిన్న చప్పుడును విద్యుత్తుగా మార్చు పరికరమును లోకమునకు చూపి, దానిని మైక్రోఫోను అన్నాడు. గొంతు తాకిడికి బొగ్గు ఒత్తుకొని సడలుచుండును. దానిగుండ పోవు విద్యుత్ప్రవాహము ఆ మేరకు హెచ్చి తగ్గును. టెలిఫోనునకు ఇది చాలినది. కాని దానిలో బుసబుసమను రొద ఎక్కువ.

1916లో అమెరికాలో ఇ. సి. వెంటె కండెన్సరు మైకును నిర్మించినాడు. అతడే థూరస్ అను సహచరునితో కలసి చేసిన డైనమిక్ మైకు 1931లో వాడుకలోనికి వచ్చినది. 1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ అను ఇరువురు ఎలెక్ట్రెట్ మైకును కనుగొన్నారు. వారి పుణ్యముననే గోరంత మైకు చౌకగా తయారై మన టెలిఫోనులలోను, చెవిలో పెట్టుకొను తీగలలోను ఇమిడిపోయినది. నేడు అంగడిలో కనబడు మైకులలో పెక్కింటి మూలము ఈ రెండు వంశములే: కండెన్సరు, డైనమిక్. ఎలెక్ట్రెట్ కండెన్సరు వంశమునకు చెందినదే.

మన దక్షిణదేశమున రేడియోకు తొలి అడుగు 1924లో పడినది. సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలైనవారి ప్రయత్నమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి ప్రసారములు ఆరంభించినది. ధనము చాలక అది 1927లో ఆగిపోగా, మద్రాసు కార్పొరేషను 1930 ఏప్రిల్ 1 నుండి ఆ పని చేపట్టినది. 1935లో మైసూరులో ఎం. వి. గోపాలస్వామిగారు స్థాపించిన కేంద్రము ఆకాశవాణి అను పేరు ధరించినది. ఆ పేరే తరువాత దేశమంతటికి పేరైనది. అఖిలభారత రేడియో మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. నాడు బళ్లారి మద్రాసు రాష్ట్రములోనిదే. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న, కడప కేంద్రము 1963లో వెలసినవి.

రేడియో మైకు ముందర నాటకపు గొంతు తడబడినది. వేయిమందికి అలవాటుపడిన గొంతు జానెడు దూరముననున్న లోహపుపెట్టెకు చెప్పవలసి వచ్చెను. అరచిన మాట పగిలిపోయినది. మెల్లగా చెప్పిన మాట నిలిచినది. చలనచిత్రము కూడ ఈ పాఠమునే నేర్పినది. రాఘవగారు 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణము'లో దుర్యోధనుడుగను, తరువాత 1939లో 'రైతుబిడ్డ'లోను, 1940లో 'చండిక'లోను నటించినారు. వారు 1946 ఏప్రిల్ 16న కీర్తిశేషులైనారు. సహజమైన పలుకుబడికై రంగస్థలముపై పాటుపడిన కళాకారుడు తన చివరి దశాబ్దిలో, ఆ పలుకుబడినే కోరు యంత్రము ముందర నిలిచినాడన్నమాట.

ఆ తరువాతి తరములో పద్యముయొక్క స్వరూపమే మారినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) ఆలాపనను కుదించి, మాటను స్పష్టముగా నిలిపి, చెవిదగ్గర చెప్పినట్లు పద్యము పాడినారు. చివరివరుసను చేరు బాధ్యతను మైకు తీసికొన్నది గనుక గొంతుకు భావముతో తీరికగా మెలగుటకు వీలు చిక్కినది. దూరము తగ్గినప్పుడు కళ ఎట్లు మారునో తెలుగువారికి ఇంతకన్న మంచి నిదర్శనము అక్కరలేదు.

మైకుసెట్టు నేర్పిన పాఠము

ఊళ్లకు మైకు వచ్చినది మైకుసెట్టు రూపమున. రామనవమి పందిరి, పెండ్లి, ఎన్నికల సభ, ఊరి నాటకము, ఏది జరిగినను మైకుసెట్టువాడు తాళ్లు, తీగలు, బూరలు బండిపై వేసికొని వచ్చెడివాడు. 1940లో ఢిల్లీలో స్థాపితమైన అహూజా సంస్థ పేరు ఆ పెట్టెలపై చదువని పల్లె అరుదు. "హలో, హలో, మైకు టెస్టింగు" అను మాటలు మన పిల్లలకు మంగళాచరణమువలె కంఠస్థమైనవి. మైకు విడువని వక్తకు మైకాసురుడని బిరుదు పుట్టినదియు ఈ కాలముననే.

ఆ మైకుసెట్టువాడు ఏ కళాశాలలోను చదువలేదు. కాని అతనికి తెలిసిన రెండు సూత్రములు నేడు ఇంటి మైకు కొనువారికి చాలును. మొదటిది: మైకును నోటికి దగ్గరగా పెట్టి, పెట్టె బిగువును తగ్గించుము. రెండవది: బూర గొంతు మరల మైకులో పడనీయకుము. బూరనుండి వచ్చిన ధ్వని మైకులో దూరి, మరల బూరకు పోయి, మరింత పెద్దదై తిరిగి వచ్చుచుండగా కీచుమని కూత పుట్టును. అతడు బూరలను మైకుకు ముందువైపున, జనమువైపు తిప్పి కట్టుట అందుకొరకే.

గడచిన గొంతు, మిగిలిన పాఠము

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలోనికి పోయినవి. బళ్లారి పట్టణమును, మిగిలిన తాలూకాలును మైసూరు రాష్ట్రములో చేరినవి. 2014లో పట్టణము పేరు అధికారపత్రములలో బళ్లారి అని సరియైనది. 2021లో పడమటి తాలూకాలు విజయనగర జిల్లాగా వేరైనవి. సరిహద్దు గీతలు ఇన్నిమారులు కదలినను ఇండ్లలోని మాట కదలలేదు. మన పిల్లలు బడిలో కన్నడము చదువుదురు. అది వారు బ్రతుకు భూమి భాష, దానిని బాగుగా నేర్వవలసినదే. తెలుగు మాత్రము పెక్కు ఇండ్లలో వ్రాతకన్న మాటగానే నిలిచియున్నది. చదువులో లేని భాషకు చెవియే పుస్తకము. కాబట్టి గొంతును చక్కగా పట్టియిచ్చు పరికరము ఇతరులకు వినోదవస్తువైనను మనకు అంతకన్న కొంత ఎక్కువ.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా మేనత్తకు పాత నాటకముల పద్యములు నూటికి పైగా కంఠతః వచ్చును. తన తండ్రి వేషము కట్టగా విని నేర్చుకొన్నవి. ఆమె వాటిని ఈ ప్రాంతపు యాసతో, నడుమ తన వ్యాఖ్యానముతో వినిపించెడిది. ఒక వేసవి మధ్యాహ్నము ఆమెను కూర్చుండబెట్టి, టెలిఫోనును గోడ అలమారలో నిలబెట్టి, రెండు గంటలసేపు రికార్డు చేసితిమి. బళ్లారి ఎండలో ఫాను ఆపుటకు ఎవరికిని మనసొప్పలేదు. ఆ సాయంకాలము వినిచూడగా ఫాను చప్పుడు నిండుగా ఉన్నది. ఆమె గొంతు ఏ బావిలోనుండియో వచ్చినట్లున్నది. మరల చేయుదమనుకొంటిమి. ఆమె మరల మాకు దక్కలేదు. టెలిఫోను మంచిదే. దాని మైకులో లోపము లేదు. ఎనిమిదడుగుల దూరమే మా తప్పు. ఒక పీట వేసి దానిని ఆమె గడ్డము క్రింద జానెడు దూరమున పెట్టియుండినచో ఈనాడు ఆ పద్యములు మా పిల్లల చెవిలో ఉండెడివి.

ఏది కొనవలెను?

ఈ తప్పునుండియే మొదటి నియమము పుట్టుచున్నది. నోటికిని మైకుకును దూరము రెట్టింపైనప్పుడెల్ల సూటిగా వచ్చు గొంతు ఆరు డెసిబెల్లులు తగ్గును. గోడలనుండి మరలివచ్చు ప్రతిధ్వనియు ఫాను చప్పుడును గదిలో ఇంచుమించు ఎల్లెడల ఒక్క తీరుగనే ఉండును. జానెడు దూరమునుండి నాలుగు జానలకు జరిగితిమా, గొంతు పండ్రెండు డెసిబెల్లులు పడిపోయినది. రొద మాత్రము అట్లే ఉన్నది. వేలరూపాయల మైకు అయిదడుగుల దూరమున చేయలేని పనిని, చౌకమైకు అరజానెడు దూరమున చేయగలదు.

అందుచేత స్నేహితులతో మాటలాడుటకు మాత్రమే అయినచో, మొదటిసారి కొనవలసినది తీగగల హెడ్‌సెట్టు. చెవులపై రెండు డిప్పలు, నోటిప్రక్కకు వంగివచ్చు చిన్న కొమ్మ, కొమ్మ చివర మైకు. తల ఎటు తిప్పినను నోటికిని మైకుకును దూరము మారదు. అవతలివారి మాట చెవిలోనే ఆగిపోవును గనుక మరల మైకులో పడి వారికే తిరిగి వినబడు బాధ లేదు. మైకుసెట్టువాని రెండు సూత్రములును ఈ ఒక్క వస్తువులో ఇమిడియున్నవి. మైకును పెదవులకు సూటిగా గాక నోటి మూలకు, రెండు వ్రేళ్ల ఎడముగా ఉంచవలెను. మన భాషలో ప, ఫ, బ, భ పలుకునప్పుడు పెదవులనుండి గాలి విసురుగా వచ్చును. అది సూటిగా తాకిన మైకు డబ్బుమనును. ప్రక్కన ఉంచి, పైన స్పాంజి తొడుగు వేసిన యెడల "భీమ" అన్నను "ఫలము" అన్నను శుభ్రముగా వినబడును.

కొనునప్పుడు తీగ చివరను చూడవలెను. టెలిఫోనులలో కొన్నింటికిని క్రొత్త ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికిని మైకు, చెవి రెండింటికి కలిపి ఒకే రంధ్రము ఉండును. ఆ తీగ కొనపై మూడు నల్లని వలయములు కనబడును. బల్లమీది కంప్యూటరులలో పెక్కింటికి రెండు రంధ్రములు వేరువేరుగా ఉండును. వాటికి చీలికతీగ కావలెను. యూఎస్‌బీ తీగతో వచ్చు హెడ్‌సెట్టుకు ఈ చిక్కు లేదు.

తీగలేని బ్లూటూతు చెవిపరికరములు సొగసైనవే. కాని పాటకు బాగున్న పరికరము మాటకు బాగుండునని నమ్మరాదు. మైకు పని ప్రారంభింపగానే వానిలో చాలవరకు సంభాషణ పద్ధతికి మారి, ధ్వనిని కుదించివేయును. పాత టెలిఫోను తీగ 300 నుండి 3400 హెర్ట్జులవరకే మోసెడిది. స అను ఊష్మము యొక్క బలము చాలవరకు అంతకు పైన ఉండును. అందుచేతనే టెలిఫోనులో ఊరిపేరు చెప్పునప్పుడు ఒక్కొక్క అక్షరము విడదీసి చెప్పవలసి వచ్చెడిది. సకార శకారముల భేదమును పిల్లలు చెవితోనే నేర్వవలసియున్న మన ఇండ్లకు ఇది చిన్న విషయము కాదు.

వ్యాఖ్యానము చెప్పి దాచుకొనవలెననువారికి, గంటలకొలది మాటలాడువారికి, బల్లమీది మైకు అవసరమగును. ఇక్కడ రెండు వంశముల భేదము తెలియవలెను. కండెన్సరు మైకు చెవి చురుకైనది. నిట్టూర్పును కూడ పట్టును. అట్లే ప్రక్కగదిలోని మిక్సీని, వీథిలోని ఆటోను కూడ పట్టును. డైనమిక్ మైకులో పలుచని పొర వెనుక తీగచుట్ట, అయస్కాంతము ఉండును. దాని చెవి కొంత మందము. నోటిదగ్గర మాటలాడిననే పలుకును. ఆ మందమే మన ఇండ్లలో గుణము. గోడలకు తెరలు, నేలపై తివాచీలు లేని, ఫాను ఆపలేని, వీథిప్రక్కనున్న గదికి డైనమిక్ తగినది. నిశ్శబ్దమైన గది దొరికి, సన్నని సంగీతమును పట్టవలెనన్నప్పుడు కండెన్సరును తలపవచ్చును.

మైకు ఏ దిక్కున వినునో కూడ అడుగవలెను. హృదయాకారముగా వినునవి ముందరిదానిని గ్రహించి వెనుకదానిని చాలవరకు విడిచిపెట్టును. అట్టి మైకు వీపును కిటికీవైపునకు, కీబోర్డువైపునకు తిప్పిన యెడల సగము రొద తీరిపోవును. తలపైని ఫానుకు ఇది పూర్తి మందు కాదు. దానికి దగ్గరగా మాటలాడుటయే మందు.

1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 ఈ డైనమిక్ జాతిలో సభలకెల్ల పరిచితమైన గుండ్రని తల గలది. అట్టివాటిని కంప్యూటరుకు కలుపుటకు నడుమ ఆడియో ఇంటర్‌ఫేసు అను పెట్టె కావలెను. క్రొత్తవారికి అంత ఆర్భాటము వలదు. శామ్సన్ క్యూ2యూ వంటి కొన్ని డైనమిక్ మైకులు యూఎస్‌బీ తీగతో సూటిగా కంప్యూటరునకు కలియును. రేపు పెట్టె కొన్నచో దానికిని కలియును. తమ గొంతు తామే వినుటకు చెవితీగ రంధ్రము కూడ వాటిలో ఉండును. ఈనాడు కొన్నది రేపు మూలపడకుండుట గృహస్థుకు మంచి లెక్క. కూర్చుండి కథలు చెప్పు పెద్దలకైనచో పైటకొంగునకో చొక్కాకో గ్రుచ్చు కాలరు మైకు మేలు. ఎదుట యంత్రమున్నదను సంకోచము లేక వారు మాటలాడుదురు.

ఖర్చులేని ఉపాయములు మరికొన్ని ఉన్నవి. ఖాళీ గదికన్న బట్టల బీరువా, పరుపు, పుస్తకములున్న గది మేలు. మెత్తని వస్తువులు ప్రతిధ్వనిని మ్రింగివేయును. గొంతు ఎత్తి ఒక పద్యము చదివి, సూచిక ఎఱ్ఱగీతను తాకకుండ, దానికి పది డెసిబెల్లులు దిగువన ఆడునట్లు బిగువును అమర్చవలెను. ఎఱ్ఱగీత దాటి పగిలిన ధ్వనిని ఏ మంత్రమును అతుకలేదు.

మరియొక సంగతి మన పద్యప్రియులు ముఖ్యముగా తెలిసికొనదగినది. నేటి సంభాషణ యంత్రములు రొదను తామే ఏరివేయును. మారని ధ్వని రొద, మారుచుండు ధ్వని మాట అని వాటికి ఒక అంచనా. ఫానునకు ఆ అంచనా సరిపోవును. కాని దీర్ఘముగా నిలిపిన రాగమును, తంబుర శ్రుతిని కూడ ఆ యంత్రము ఫానుగా భావించి కోసివేయును. మనుమనికి దూరదేశములో పద్యము వినిపించుచు, నడుమ గొంతు మాయమగుచున్నదని కొందరు తమ గొంతును నిందించుకొందురు. తప్పు గొంతుది కాదు. పాడునపుడు ఆ ఏరివేతను ఆపివేసి, జూమ్ వంటి వాటిలో అసలు ధ్వనిని పంపు ఏర్పాటును ఎన్నుకొనవలెను. మాటలాడునపుడు మరల పెట్టుకొనవచ్చును.

ఎవరికి చెప్పుచున్నాము?

మైకు కుదిరిన తరువాత మిగిలినది మాట. 1927 జనవరిలో ఇంగ్లండులో బీబీసీవారు ఒక రగ్బీ ఆటను మొట్టమొదటిసారి రేడియోలో ఆట జరుగుచుండగనే వర్ణించినప్పుడు, వ్యాఖ్యాత వేక్‌లాం ప్రక్కన ఒక అంధుని కూర్చుండబెట్టినారు. లక్షలమందిని తలపక, ఆ ఒక్కనికి ఆటను చూపుమని అతనికి చెప్పినారు. వ్యాఖ్యానవిద్యకు ఇంతకు మించిన సూత్రము లేదు. తెర వెనుకనుండి మన బొమ్మలాటగాడు చేసినదియు, చాపమీది కడపటి మనిషిని తలచి రాఘవగారు పలికినదియు ఇదియే.

మన పిల్లవాడు తెలుగులో ఆట చెప్పదలచినపుడు పట్టణపు యాస తెచ్చిపెట్టుకొననక్కరలేదు. కన్నడపు మాట ఒకటి దొర్లినచో సిగ్గుపడనక్కరలేదు. అది ఈ సీమ పలుకుబడి. బళ్లారి రంగస్థలము రెండు భాషలను కన్నబిడ్డలవలె పెంచినది. రాఘవగారి పేర వెలసిన కళామందిరమున రెండు భాషల నాటకములును ఆడినవి. అతని మాటను అతని అమ్మమ్మ విని "ఇది మా ఊరి మాట" అనవలెను. అంతకన్న మెప్పు మరేమి కావలెను?

ధర్మవరంవారి నాటకములు, కోలాచలంవారి నాటకములు పుస్తకములుగా మనకు దక్కినవి. ఆ పంక్తులు ఏ విరుపుతో, ఏ నిదానముతో పలికిరో ఆ పుస్తకములు చెప్పలేవు. అక్షరము మిగిలినది, గొంతు గాలిలో కలిసినది. వారికి సాధనము లేదు. మనకు ఉన్నది, అదియు పిల్లవాడు ఆటకొరకు అడిగిన ధరకే.

కావున తండ్రులారా, పిల్లవాడు అడిగిన మైకును ముందు చిన్నదానితో కొనిపెట్టుడు. దానిని నోటికి దగ్గరగా పెట్టుకొనుట నేర్పుడు. వారమునకు ఒక సాయంకాలము, అతని ఆట ముగిసిన పిదప, ఆ మైకును ఇంటి పెద్దల ముందర పెట్టించుడు. వారు బళ్లారి కోటగురించి చెప్పనీ, పాత నాటకమునుగురించి చెప్పనీ, ఆవకాయ కారమునుగురించి చెప్పనీ. ఆ కాసేపు ఫాను ఆపుడు. చెమట పట్టిన తుడుచుకొనవచ్చును. పోయిన గొంతును మరల తెచ్చుకొనలేము.